మారుచున్న వాతావరణము – మన ప్రాంత ప్రజల ఆరోగ్యము

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘస్థుల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది ఉత్సవములలో మన పెద్దల విశ్వాసమును గూర్చి, వారు కట్టిన దేవాలయములను గూర్చి, నడిపిన పాఠశాలలను గూర్చి అనేకులు మాట్లాడుచున్నారు. నాకు ఇచ్చిన అంశము వేరు. మారుచున్న వాతావరణము మన శరీరములను ఏమి చేయుచున్నది, దానికి మనలో ఒక్కొక్కరము ఏమి చేయగలము అనునదే ఆ అంశము.

వాతావరణ మార్పు అనగానే మంచు కొండలు కరుగుట, సముద్రము పొంగుట గుర్తుకు వచ్చును. మార్కాపురము, గిద్దలూరు, కంభము, కనిగిరి వారికి సముద్రము దూరము, మంచు కొండ మరింత దూరము. కనుక ఇది మన సంగతి కాదని కొందరు తలంచుచున్నారు. నిజమునకు తాతల నాటి నుండి మనకున్న రెండు బాధలను, అనగా ఎండను, నీటి కొరతను, ఈ మార్పు పెద్దవి చేయుచున్నది. ఈ రెండు బాధలు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని మన ఇండ్లలోనికి వచ్చుచున్నవి. ఈ ఒక్క సంగతి మీరు జ్ఞాపకముంచుకొనిన చాలును.

మొదట నీటి సంగతి చూతము. 1937లో షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును మద్రాసు రాజధానిలోని ఫ్లోరైడ్ వ్యాధిని గూర్చి ప్రకటించిరి. ఈ వ్యాధిని గూర్చి మన దేశములో వెలువడిన తొలి వైద్య నివేదికలలో అది ఒకటి. వారు పరిశీలించినది నాటి నెల్లూరు జిల్లాను. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనే యుండెను. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరెను. అనగా ఈ వ్యాధికి వైద్య గ్రంథములలో పేరు పడక ముందే మన ప్రాంతపు ముసలివారి నడుములు దానిని ఎరిగియుండెను.

ఫ్లోరైడ్ మన నేల క్రింది రాళ్ళలో ఉన్నది. నీరు ఆ రాళ్ళ సందులలో ఎంత కాలము నిలిచిన అంతగా అది నీటిలో కరుగును. వానలు బాగుగా కురిసి ఊట బావులు నిండిన దినములలో పై నీరు త్రాగితిమి. వానలు తప్పగా బావులు ఎండినవి, బోర్లు వచ్చినవి. ఒక బోరు ఎండిన దాని ప్రక్కన మరింత లోతుగా ఇంకొకటి వేయుచున్నాము. అనేక చోట్ల లోతుకు పోయిన కొలది ఫ్లోరైడ్ పెరుగుచున్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. మించినచో పిల్లల పండ్లపై మచ్చలు పడును. సంవత్సరముల తరబడి త్రాగినచో ఎముకలు బిగిసి, కీళ్ళు పట్టి, నడుము వంగిపోవును. ఒకసారి బిగిసిన ఎముకను మరల సరిచేయు మందు లేదు. ముందుగా కాపాడుకొనుటే మార్గము.

ఇక ఎండ. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశములో రెండు వేలమందికి పైగా మరణించిరి. వారిలో అధిక భాగము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారే. ఎక్కువ నష్టపోయిన జిల్లాలలో నాటి ప్రకాశము ఒకటి. 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని భారత ప్రభుత్వపు శాస్త్రజ్ఞులు 2020లో తెలిపిరి. లెక్కలు ఉంచిన కాలములో భూమి మీద అన్నిటికంటె వేడియైన సంవత్సరము 2024. బొగ్గు, పెట్రోలు విరివిగా కాల్చిన దేశములు వేరు. మిరప చేలలో, పలకల గనులలో, ఉపాధి పనులలో ఆ వేడిని మోయుచున్న వీపులు వేరు. ఈ అన్యాయమును మనము గుర్తెరుగవలెను.

ఇప్పుడు ఈ రెంటిని కలిపి చూడుడి. చలి కాలములో దినమునకు రెండు లీటర్లు త్రాగు కూలివాడు మే నెలలో ఆరు లీటర్లు త్రాగవలసి వచ్చును. ఆ ఊరి బోరు నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నదనుకొనుడి. చలి కాలములో అతని కడుపులోనికి 4 మిల్లీగ్రాములు పోవును. ఎండ కాలములో 12 పోవును. బోరు అదే, నీరు అదే, విషము మాత్రము మూడింతలు. పోనీ, భయపడి తక్కువ త్రాగుదమా? మూత్రపిండములు చెడును, వడదెబ్బకు ప్రాణమే పోవచ్చును. త్రాగిన ఎముకకు ముప్పు, త్రాగకున్న ప్రాణమునకు ముప్పు. కాబట్టి ఎండలో నీరు తగ్గించకుడి. త్రాగు నీటినే మార్చుకొనుడి.

ఇశ్రాయేలీయులు చేదు నీటి యొద్ద సణిగిన సంగతి మీరెరుగుదురు. మారాలో దేవుడు నీటిని మధురముగా చేసెను. అయితే దగ్గరనున్న చెట్టును తెచ్చి నీటిలో వేయుటకు మోషే చేయి కావలసి వచ్చెను. మన దగ్గర నున్నదేమి? ఆకాశము నుండి పడు వాన. దానిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. మన ముందువారు దీని విలువ ఎరుగుదురు. విజయనగర కాలములో గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన కంభము చెరువు నేటికిని నిలిచియున్నది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు వచ్చినది. 1876–78 నాటి మహా కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ఆ కరవు ముగియు వరకు బాప్తిస్మములను ఆపి, ముందు ప్రాణములు నిలిపెను. అది కూడ వాతావరణము గతి తప్పినందున వచ్చిన కరవే.

వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. రెండవ సొరంగపు త్రవ్వకము 2024లో ముగిసినది. కృష్ణా నీటి కొరకు అడుగుట మన హక్కు. అయినను మన ఇంటి కప్పు మీద పడు నీటికి ఏ శంకుస్థాపనయు అక్కర లేదు.

ఒక చిన్న లెక్క చెప్పెదను. 20 చదరపు మీటర్ల కప్పు మీద సంవత్సరమునకు 600 మిల్లీమీటర్ల వాన పడిన 12,000 లీటర్లు వచ్చును. ఐదవ వంతు వృథా పోయినను 9,600 మిగులును. ఐదుగురున్న కుటుంబము త్రాగుటకు, వంటకు దినమునకు 25 లీటర్లు వాడిన ఏడాదికి 9,125 లీటర్లు. చిన్న ఇంటి కప్పే ఆ కుటుంబమునకు చాలును! అంత పెద్ద తొట్టి అందరికిని సాధ్యము కాదు. కాని నాలుగు ఎండ నెలలకు 3,000 లీటర్లు దాచినను, విషము మూడింతలగు కాలమును దాటవచ్చును.

కావున ప్రతి కుటుంబము ఈ పనులు చేయవలెనని కోరుచున్నాను.

మొదటిది, మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించుడి. రుచిని బట్టి ఫ్లోరైడ్ తెలియదు. కాచిన పోదు, సరిగదా నీరు ఇగిరి మరింత చిక్కనగును. వాన నీరు చాలని చోట ఆర్.ఓ. ప్లాంటు నీటిని త్రాగుటకే గాక వంటకును వాడుడి.

రెండవది, తొలి వాన నీటిని వదలివేసి, తరువాతి నీటిని గుడ్డతో వడగట్టి పట్టుడి. క్రిముల కొరకు దానిని కాచి త్రాగుడి. తొట్టిపై మూత గట్టిగా ఉండవలెను. మూత లేని మంచినీటిలోనే డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును. ఇతర తొట్లను వారమునకొకసారి ఎండబెట్టుడి.

మూడవది, పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ పిల్లలకు పెట్టుడి. సున్నపు ధాతువు, సి విటమిను గల ఆహారము ఫ్లోరైడ్ హానిని కొంత తగ్గించును.

నాలుగవది, మే నెలలో చేని పని తెల్లవారుజామున మొదలుపెట్టి, మధ్యాహ్నమునకు ముందే ముగించుడి. లీటరు మంచినీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి దగ్గర ఉంచుకొనుడి. వడదెబ్బ తగిలి మాట తడబడినవానిని నీడకు చేర్చి, ఒళ్ళంతయు తడిపి, విసరుచు 108కి కబురు చేయుడి. స్పృహ లేనివాని నోట నీరు పోయకుడి.

ఐదవది సంఘమంతటి పని. ఎండ దినములలో పన్నెండు మొదలు నాలుగు గంటల వరకు దేవాలయపు తలుపులు తెరచి, చల్లని నీటి కుండలు పెట్టుదము. ఏ మతము వారైనను వచ్చి కూర్చుండనీయుడి. ఒంటరిగా నున్న వృద్ధుల ఇండ్లను యౌవనస్థులు పంచుకొని దినమునకొకసారి పలుకరించవలెను. వడగాడ్పులకు ముందుగా బలియగువారు వారే.

ఇస్సాకు తన తండ్రి త్రవ్వించిన బావులు పూడిపోగా వాటిని మరల త్రవ్వించెను. మనకును అదే పని యున్నది. వచ్చే వానకారు నాటికి ప్రతి సంఘము తన దేవాలయపు కప్పుకు ఒక గొట్టము, ఒక తొట్టి అమర్చవలెనని వేడుకొనుచున్నాను. రెండవ శతాబ్దములో ఈ ప్రాంతమున పుట్టు బిడ్డలు మచ్చలేని పండ్లతో నవ్వి, నిటారైన నడుముతో నడుచునట్లు దేవుడు మన చేతుల పనిని స్థిరపరచును గాక. ఆమేన్.