బొగ్గు నుంచి ఎండకు, ఎండ నుంచి మన మీటరుకు
(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేను విద్యుత్ శాఖవాణ్ణి కాను. తాసీల్దారు కచేరీలో గుమాస్తాగా పనిచేశాను. జమాఖర్చుల పద్దులు తప్ప నాకు వేరే శాస్త్రం రాదు. ఆ కంటితోనే చూసి చెబుతాను.

రామగుండం అంటే మన తరానికి బొగ్గు, పొగగొట్టాలు, బూడిద. ఎన్‌టీపీసీ వారి మొదటి 200 మెగావాట్ల యూనిట్ అక్కడ 1983లో మొదలైంది. తరువాత ఆ కేంద్రం 2600 మెగావాట్లకు పెరిగింది. అదే కేంద్రం జలాశయం మీద ఇప్పుడు సౌర పలకలు తేలుతున్నాయి. 100 మెగావాట్లు, సుమారు 500 ఎకరాల నీటి మీద. 2022 జూలైలో ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. నీటి మీదెందుకంటారా? భూమి సేకరించే బాధ లేదు. కింది చల్లదనానికి పలకలు మెరుగ్గా పనిచేస్తాయి. వాటి నీడన నీరు ఆవిరయ్యేదీ తగ్గుతుంది. గాలికి కొట్టుకుపోకుండా జలాశయం అడుగున బరువులు దింపి, వాటికి తాళ్లతో కట్టారు. మన పల్లెల్లో పడవను కట్టేసినట్లే!

1975లో పుట్టిన ఆ సంస్థ పేరులో 'థర్మల్' అన్న మాట ఉండేది. 2005లో పేరు ఎన్‌టీపీసీ లిమిటెడ్ అయింది. మాట పోయినా బొగ్గు పోలేదు. పొద్దుగూకాక మనం దీపాలు వేసే వేళకు ఎండ ఉండదు కదా.

ఇక మన ఇంటి సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. పలకలు పెట్టుకుంటే మీటరు రెండు పద్దులు రాస్తుంది: మనం తీసుకున్నది, మనం ఇచ్చింది. గుమాస్తాలకు ఇది కొత్త విద్య కాదు. ఈ వయసులో పెట్టుబడి ఎప్పుడు తిరిగొస్తుందని కొందరు నవ్వారు. మనవలు ఇంట్లో ఉండరా?

నన్ను కలవరపెట్టేది వేరొకటి. మన సభ్యులొకరికి, బిల్లు నమోదు కాలేదని, ఆ రాత్రే కరెంటు తీసేస్తామని ఫోనులో సందేశం వచ్చింది. ఇంట్లో ఆయన భార్య ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నారు. భయపడరా? అవతలివాడు చెప్పిన యాప్ ఎక్కించుకున్నారు, పది రూపాయలు పంపారు. రెండు నెలల పింఛను పోయింది. బిల్లు అంతకు వారం ముందే కట్టి ఉన్నారు! ఇలా జరిగితే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

యంత్రాలు రావాలి, కాదనను. కానీ రసీదు చూపి "ఇది నిజమేనా బాబూ" అని అడగడానికి ఒక మనిషి ఉండాలి. అందుచేత నగదు కౌంటరు తీసివేయరాదని, నెలకొకసారి ఒక ఉద్యోగిని మన సంఘ భవనానికి పంపాలని విద్యుత్ పంపిణీ సంస్థవారిని కోరుతూ తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. బలపరచేవారు దయచేసి చేతులెత్తండి.