సిగ్గుపడితే మంట తగ్గదు



మిరపకోతకు పోతే చేలో చాటు ఉండదు. అందుకని నీళ్లు తాగం. ఒంటికి వచ్చినా ఆపుకుంటాం. సాయంత్రానికి మంట. "వేడి చేసింది" అంటాం.

మన అమ్మమ్మలు పల్లేరుకాయలు దంచి కషాయం కాచేవాళ్లు. కొండపిండి ఆకు పప్పులో వేసేవాళ్లు. బార్లీ నీళ్లు, పలుచని మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఒంట్లోకి నీరు పోవటం మంచిదే.

కాని మంటకు కారణం చాలాసార్లు సూక్ష్మక్రిములు. కషాయాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. మంట తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, మూత్రంలో నెత్తురు కనిపించినా ఆసుపత్రికి పోవాలి. మాచర్ల, గురజాల, నరసరావుపేట, ఏది దగ్గరైతే అక్కడికి. గర్భిణికి మంట వస్తే ఆ రోజే చూపించాలి. ఆమెకు పల్లేరు కషాయం వద్దు.

రేపు చేనుకు నీళ్లు తీసుకుపోదాం. నాలుగు కర్రలు పాతి పాతచీర చాటు కడదాం. ఇందులో సిగ్గేముంది?