మేనరికం మీద మోపిన నేరం
ద్రోణంరాజు కృష్ణారావు స్మృతిలో వాల్మీకిపురం సభకు చేసిన ప్రసంగ పాఠం

ద్రోణంరాజు కృష్ణారావు 1937లో పిఠాపురంలో పుట్టారు. వృక్షశాస్త్రం చదివి, ఇరవై దాటీ దాటని వయసులో కలకత్తా వెళ్లి జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడయ్యారు. తర్వాత హ్యూస్టన్‌లో స్థిరపడ్డారు. ఆయన పేరు మీద వాల్మీకిపురంలో మాట్లాడేటప్పుడు మేనరికం గురించి మాట్లాడటమే న్యాయం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అక్క కూతుర్ని చేసుకున్న జంట లేని బంధువర్గం అరుదు. అలాంటి ఇంట్లో బిడ్డ చెవుడుతోనో, బుద్ధిమాంద్యంతోనో పుడితే ఊరంతా ఒకే మాట అంటుంది, మేనరికం చేశారు కదా అని. ఆ మాటలో నిజమెంతో లెక్క కట్టి చూసిన తొలి తెలుగువారిలో కృష్ణారావు ఒకరు.

మెండెల్ బఠాణీల సంగతి ఈ సభకు కొత్త కాదు. 1866లో అచ్చయిన ఆ ఫలితాలను లోకం 1900 దాకా పట్టించుకోలేదన్నదీ తెలిసిందే. 1902లో లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్, మూత్రం నల్లబడే ఆల్కాప్టన్యూరియా రోగుల తల్లిదండ్రుల్లో దగ్గరి చుట్టాలు ఎక్కువగా ఉన్నారని గమనించాడు. మనిషి జబ్బుకు మెండెల్ సూత్రాన్ని అన్వయించడం అక్కడే మొదలైంది. 1956లో జో-హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ మనిషి కణంలో క్రోమోజోములు 48 కావు, 46 అని తేల్చారు. 1959లో జెరోమ్ లెజ్యూన్ బృందం డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 21వ క్రోమోజోముకు మూడు ప్రతులు ఉంటాయని చూపింది. అండం తయారయ్యే క్షయకరణ విభజనలో జంట క్రోమోజోములు విడిపోవాలి. విడిపోకుండా రెండూ ఒకే అండంలోకి చేరితే వచ్చే లోపం ఇది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. అయినా పల్లెల్లో ఈ నేరం కూడా మేనరికం ఖాతాలోనే పడుతోంది.

ఇక వక్త ఏళ్ల తరబడి చదువుతూ వచ్చిన కాలం, 1957 నుంచి 1966 దాకా. 1957లో హాల్డేన్ ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు, 1961లో భారత పౌరుడయ్యారు. ఖరీదైన పరికరాలు లేకపోయినా ఈ దేశంలో గొప్ప జీవశాస్త్రం చేయవచ్చని ఆయన నమ్మకం. శిష్యుడు కృష్ణారావు మొదట సీతాకోకచిలుకలు ఏ రంగు పువ్వుల మీద వాలుతున్నాయో లెక్కపెట్టారు. తర్వాత మనుషుల వైపు తిరిగారు. కృష్ణారావు, డాక్టర్ పి. మీరా ఖాన్ కలిసి ఆంధ్రలో దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లపై 1960లో జర్నల్ ఆఫ్ హెరిడిటీలో, 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వ్యాసాలు ప్రచురించారు. ఆసుపత్రికి వచ్చిన రోగుల కుటుంబ వివరాలు ఆ పనికి ఒక ముఖ్యమైన ఆధారం. మీరా ఖాన్ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పేరున్న జన్యుశాస్త్రవేత్త అయ్యారు.

ఆ పనికి కావలసిన సరంజామా ఒక కాగితం, ఒక పెన్సిల్, ఓపిక. మగవాడికి చతురస్రం, ఆడమనిషికి వృత్తం, చుట్టాలైన దంపతుల మధ్య జంట గీత. మేనమామ, మేనకోడలి పెళ్లి గీస్తే ఆ జంట గీత ఒక తరం నుంచి కింది తరానికి ఏటవాలుగా దిగుతుంది. అమ్మమ్మ దగ్గరున్న ఒక లోపభూయిష్ట జన్యువు కొడుకు ద్వారా ఒక దారిలో, కూతురు, మనవరాలి ద్వారా మరో దారిలో వచ్చి ఒకే బిడ్డలో కలుస్తుంది. తాత వైపు నుంచీ అంతే. రెండు వైపులా కలిపితే, ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి రావడానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం. మేనబావ మరదళ్ల బిడ్డకు అది పదహారింట ఒక వంతే. యూరప్ పరిశోధకులు ఎక్కువగా చూసింది రెండో రకాన్ని. మొదటి రకం ఇంత విరివిగా దొరికింది దక్షిణాదిలోనే. తన దేశంలో చట్టం ఒప్పుకోని పెళ్లి ఇక్కడ ముత్తయిదువల ఆశీర్వాదంతో జరుగుతుంటే హాల్డేన్‌కు ఆసక్తి కలగడంలో వింతేముంది?

1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం పార్థివ దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. తెలుగు విద్యార్థులు శరీరనిర్మాణ శాస్త్రం నేర్చుకోవడానికి ఉపయోగపడిన ఆ దేహాన్ని మనం ఎప్పటికీ మరువకూడదు.

కృష్ణారావు పని మేనరికంతో ఆగలేదు. చెవి డొప్ప మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయనీ, ఆ జన్యువు వై క్రోమోజోము మీద ఉందనీ 1960లో కృష్ణారావు వంశవృక్షంతో ప్రతిపాదించారు. ఆ మాట పాఠ్యపుస్తకాలకెక్కింది. 2004లో దక్షిణ భారత పురుషుల డీఎన్‌ఏ చూసిన లీ, కమలం, జాబ్లింగ్ బృందానికి వై క్రోమోజోముతో ఆ లంకె కనిపించలేదు. మరొకరు పరీక్షించి కాదనగలిగేంత స్పష్టంగా ప్రతిపాదించడం శాస్త్రవేత్త లక్షణం. ఆ కీర్తి కృష్ణారావుకు తగ్గదు.

మేనరికం గురించి అసలు తగాదా వేరే ఉంది. 1966లో బొంబాయి జన్యుశాస్త్రవేత్త ఎల్.డి. సాంఘ్వీ ఒక వాదన తెచ్చారు. దక్షిణాదిలో వందల ఏళ్లుగా మేనరికాలు జరుగుతున్నాయి. బౌధాయన ధర్మసూత్రమే దీన్ని దక్షిణాది ఆచారంగా పేర్కొంది. కాబట్టి చెడు జన్యువులు తరతరానా బయటపడి, ఆ పిల్లలతోపాటే అంతరించి ఉంటాయని ఆయన తర్కం. వేలూరులో పి.ఎస్.ఎస్. సుందరరావు, ఇన్బరాజ్ ఉత్తర ఆర్కాటులో పెద్ద సర్వే చేసి, 1977, 1980 వ్యాసాల్లో చుట్టాల పిల్లలకూ మిగతా పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. ఇది ఎక్కడో దూరదేశపు లెక్క కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పుంగనూరు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. వాయల్పాడు (ఈ వాల్మీకిపురమే), మదనపల్లె తాలూకాలు కడప నుంచి వచ్చి కలిశాయి. జబ్బు చేస్తే ఇప్పటికీ కుప్పం జనం వేలూరు బస్సెక్కుతారు.

సుందరరావు సర్వే శ్రమను గౌరవించాల్సిందే. ఆ ముగింపుతో మాత్రం వక్త ఏకీభవించడు.

మొదటి అభ్యంతరం, పురిట్లో కంటికి కనిపించే లోపాలను లెక్కపెడితే జీవక్రియ లోపాలు దొరకవు. వాటిలో కొన్ని నెలల తర్వాత మూర్ఛలుగానో, ఎదుగుదల ఆగిపోవడంగానో బయటపడతాయి. పసిపిల్లలు అతిసారంతో, న్యుమోనియాతో పోతున్న కాలంలో జన్యులోపంతో పోయిన బిడ్డను వేరుచేసి గుర్తించేవారెవరు?

రెండోది, ఒక బిడ్డ పోతే ఆ దంపతులు మరో బిడ్డను కంటారు. ఇద్దరూ వాహకులైతే, అంటే లోపభూయిష్ట ప్రతి ఒక్కటే ఉండి తాము ఆరోగ్యంగా ఉన్నవారైతే, వారికి పుట్టే ఆరోగ్యవంతుల్లో మూడింట రెండు వంతుల మంది వాహకులే. పోయిన బిడ్డ స్థానంలో వాహకుడైన బిడ్డ వచ్చే ఇంట్లో ఆ జన్యువు అంతరించడం చాలా నెమ్మదిగా జరుగుతుంది. పైగా జన్యువుల్లో కొత్త మార్పులు పుడుతూనే ఉంటాయి.

మూడోది అన్నిటికన్నా బలమైనది. సర్వేలో ‘చుట్టాలు కానివారు’గా లెక్కించిన దంపతులెవరు? చాలావరకు ఒకే కులం వాళ్లు. వందల ఏళ్లుగా కులంలోనే ఇచ్చిపుచ్చుకుంటే, గోత్రం వేరైనా, ఊరు వేరైనా, పది ఇరవై తరాల వెనక పూర్వీకులు ఒకరే అవుతారు. కాగితం మీద వాళ్ల మధ్య జంట గీత గీయరు, అంతే. రెండు గుంపుల్లోనూ ఒకే జన్యువులు తిరుగుతుంటే వాటి మధ్య తేడా తక్కువగా కనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు. దాన్ని చూసి చెడు జన్యువులు పోయాయనడం తొందరపాటు.

దీనికి రుజువు హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) నుంచి వచ్చింది. 2009లో డేవిడ్ రైక్, కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం నేచర్ పత్రికలో భారతీయ సమాజాల జన్యుచరిత్ర ప్రచురించింది. ఆంధ్ర వైశ్య సమాజం వంద తరాలకు పైగా వెనక కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, అప్పటి నుంచీ లోపలే పెళ్లిళ్లు చేసుకుందని అందులో తేలింది. మరి దాని ఫలితం? బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఆ సమాజంలో ఎక్కువగా కనిపిస్తుంది. 2006లో దానికి కారణమైన ఒక మార్పును గుర్తించారు. ఆపరేషన్ ముందు గొట్టం వేయడానికి మత్తు వైద్యులు ఇచ్చే సక్సినైల్‌కోలీన్ మందు ప్రభావం ఈ ఎంజైము వల్ల మామూలుగా కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది. ఈ లోపమున్న రోగికి గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి కూడా యంత్రమే ఇవ్వాలి. తల్లిదండ్రులు మేనబావ మరదళ్లు కానక్కర లేదు, ఒకే సమాజం వాళ్లయితే చాలు. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలో 263 సమాజాలను పరిశీలించింది. వాటిలో 81 సమాజాల్లో ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లో, ఆష్కెనాజీ యూదుల్లో కన్నా ఎక్కువని చూపింది. సాంఘ్వీ వాదానికి అక్కడితో కాలం చెల్లింది.

సమయం మించిపోతున్నందున మిగిలింది గబగబా. ఉస్మానియా విశ్వవిద్యాలయం బేగంపేటలో జన్యువ్యాధుల ఆసుపత్రి పెట్టింది. 1980లలో రాధారమాదేవి, అప్పాజీరావు, బిటిల్స్ కర్ణాటకలో నవజాత శిశువుల రక్తంలో జీవక్రియ లోపాలు వెదికారు. 1996లో హైదరాబాదులో డీఎన్‌ఏ వేలిముద్రలు, వ్యాధి నిర్ధారణ కేంద్రం (సీడీఎఫ్‌డీ) వచ్చింది. 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం, 2023లో సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. వీటిలో ఒక్కొక్కటీ ఒక ప్రసంగానికి సరిపడేది.

మేనరికం నిర్దోషి అని ఈ ప్రసంగం అనడం లేదు. ఏ జంటకైనా వందకు రెండు మూడు కాన్పుల్లో పుట్టుకతో వచ్చే లోపం ఉంటుంది. మేనబావ మరదళ్లకు అది మరో రెండు మూడు పెరుగుతుంది, అక్క కూతురి పెళ్లిలో ఇంకా ఎక్కువ. అయితే నేరమంతా దాని మీదికి నెట్టి, బయటి సంబంధం చేశాం, మాకేం భయం అని కూర్చుంటే మిగతా ఇళ్లకు నష్టం. అందుకే వాల్మీకిపురం సభకు ఒక్క విన్నపం. చుట్టరికం ఉన్నా లేకపోయినా, గర్భం నిలిచిన తొలి నెలల్లోనే, వీలైతే పెళ్లికి ముందే, తలసీమియా, సికిల్‌సెల్ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో పసితనంలో పోయిన పిల్లల సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ఆపరేషన్ బల్ల మీద ఊపిరి ఆలస్యంగా వచ్చినవాళ్లు బంధువుల్లో ఉంటే ఆ మాట మత్తు వైద్యుడికి ముందే చెప్పాలి. లోపమున్న బిడ్డ పుట్టిన ఇంట్లో ఆ తల్లిని ఎవరూ ఏమీ అనకూడదు.