బియ్యం ధర – బతుకు ఖర్చు



ధరలు పెరిగాయని అననివారు లేరు. ఎంత పెరిగాయి, ఎప్పటినుంచి పెరిగాయి అని అడిగితే మాత్రం చెప్పగలవారు తక్కువ. నాట్ల వేళ కూలి మాట్లాడుకొనేటప్పుడు ఈ చిక్కు వస్తుంది. "ఈ కూలితో ఇల్లు గడవడం లేదు" అంటారు కూలికి వచ్చేవారు. "పోయినేడే పెంచాను గదా" అంటాడు రైతు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. లెక్క లేదు కనుక తగవు తెగదు. ఆ లెక్క రాసుకొనే తేలిక పద్ధతి ఒకటి ఈ పూట మనవి చేస్తాను.

బతుకు ఖర్చు తెలియాలంటే ముందు ముఖ్యాహారం ధర చూడాలి. బీద కుటుంబం ఖర్చులో పెద్ద వాటా తిండిదే. ఈ సంగతిని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మను గణాంకవేత్త 1857లోనే లెక్కలతో చూపాడు. మన దేశంలో వ్యవసాయ కూలీల వినియోగ ధరల సూచికను కేంద్ర లేబర్ బ్యూరో 1986–87 ఆధారంగా కట్టినప్పుడు, 100 పాళ్ల ఖర్చులో సుమారు 69 పాళ్లు తిండికే ఇచ్చారు. 2025లో ఆ సూచికకు 2019ని ఆధార సంవత్సరంగా మార్చి, 787 గ్రామాల ధరలు తీసుకొన్నారు. దేశం మొత్తానికి 787 గ్రామాలంటే, అందులో మన ఊరు ఉండకపోవచ్చు. మన లెక్క మనమే రాసుకోవాలి.

ధర రాసేటప్పుడు తూకం మరవరాదు. ఇంగ్లండులో 13వ శతాబ్దిలో రొట్టె అమ్మకానికి ఒక చట్టం వచ్చింది. గోధుమల ధర ఎక్కినా దిగినా పెన్నీ రొట్టెను పెన్నీకే అమ్మాలి, మారేది తూకం. గోధుమలు ప్రియమైతే రొట్టె చిన్నదయ్యేది. ధర ఒక్కటే చూసినవాడికి ఏ మార్పూ కనపడదు. తిన్నవాడి కడుపుకే తెలుస్తుంది.

మన దగ్గరా ఇటువంటిది జరిగింది. 2022 జూలైలో, 25 కిలోల వరకు ఉండే లేబులు సంచుల బియ్యంపై 5 శాతం జి.ఎస్.టి. వేశారు. అంతట అంగళ్లలోకి 26 కిలోల సంచులు వచ్చాయి. సంచి ధర ఒక్కటే రాస్తే ఆ కిలో తేడా లెక్కకు రాదు. కనుక ఎప్పుడూ కిలో ధరే రాయండి.

ఇక పద్ధతి. ఒక నోటు పుస్తకం చాలు. నెలకొకసారి, ఒకే తేదీన, ఒకే అంగడిలో, ఊళ్లో ఎక్కువమంది తినే రకం ధర రాయండి. పాత బియ్యమో కొత్త బియ్యమో కూడా రాయాలి. రెండింటి ధరా ఒకటి కాదు. రేషను బియ్యానికి వేరే గడి పెట్టండి. పక్కన ఆ నెల ఆడకూలి, మగకూలి. ఆ పక్కన కళ్లంలో ధాన్యం ధర.

చివరి గడిలో కూలిని బియ్యం ధరతో భాగించండి. మాటవరసకు, పోయినేడు కూలి 300 రూపాయలు, కిలో బియ్యం 50 అనుకొందాం. రోజు కూలికి 6 కిలోలు. ఈ ఏడు కూలి 330, బియ్యం 60 అయితే, అయిదున్నర కిలోలే. రైతు 30 రూపాయలు పెంచిన మాటా నిజం. కూలివాని ఇంట అరకిలో తగ్గిన మాటా నిజం. అంకెలు ఎదుట ఉంటే మాట్లాడుకోవడం తేలిక.

రైతుకూ దీనితో పని ఉన్నది. క్వింటాలు ధాన్యం మరపడితే సుమారు 67 కిలోల పచ్చి బియ్యం వస్తాయి. కోతల్లో ధాన్యమంతా అమ్మి, తరువాత బియ్యం కొనుక్కొనే చిన్న రైతు ఈ రెండు గడులూ పక్కపక్కన చూస్తే, తిండి గింజలు ఎంత ఉంచుకోవాలో తనకే తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. కోతల నాటి ధరను వానాకాలపు ధరతో పోల్చకండి. పోయినేడు అదే నెలతో పోల్చండి. బియ్యం ఒక్కటే బతుకు కాదు. పప్పు, నూనె, గ్యాసు, మందుల ధరలు కూడా వీలునుబట్టి చేర్చండి.

విస్తరణ ఉద్యోగులకు ఒక మాట. మర దగ్గరున్న ఊళ్లో ఒకటి, రోడ్డుకు దూరమైన ఊళ్లో ఒకటి, రెండు పుస్తకాలు రాయించండి. రవాణా ఖర్చు ఎవరి నెత్తిన పడుతున్నదో ఆ రెండే చెబుతాయి. వచ్చే నెల మొదటి తేదీనే మొదలుపెట్టండి.