నలుగురి మాట, మన మనసు



"నలుగురితో నారాయణా" అన్నారు పెద్దలు. నలుగురితో కలిసి నడిస్తేనే సంసారం సాఫీగా సాగుతుంది, నిజమే. కాని ఆ నలుగురూ గోతివైపు నడుస్తుంటే? అప్పుడూ వెనకాలే పోవలసిందేనా? "నేను రాను" అనే ధైర్యం కొందరికి ఎలా వస్తుంది? ఈ వేళ ఆ సంగతి కాసేపు చెప్పుకుందాం.

1950ల మొదట్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టారు. మూడు గీతల్లో ఏది మొదట చూపించిన గీతతో సమానమో చెప్పాలి. చిన్న పిల్లలైనా చెప్పేస్తారు. అయితే గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ముందే అనుకుని తప్పు జవాబు చెప్పేవారు. ఆ ఒక్కరూ పాపం, మూడింట సుమారు ఒకసారి తమ కళ్లను కాదని గుంపు మాటే అనేశారు! నాలుగోవంతు మంది మాత్రం ఒక్కసారి కూడా లొంగలేదు. ఇంకో విశేషం వినండి. గదిలో మరొక్కరు సరైన జవాబు చెబితే చాలు, లొంగడం చాలా తగ్గిపోయింది.

చూశారా, మనసుకి మొదటి బలం తోడు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల కథా ఇదే. ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకున్నన్నాళ్లూ "మగాళ్లన్నాక తాగరా?" అన్న మాటకి బదులు లేకపోయింది. అక్షరాస్యత తరగతుల్లో ఒకచోట కూర్చుని, తాగుడువల్ల చితికిన సంసారం గురించి పాఠం చదువుకునేసరికి, ఇది నా ఒక్కదాని కర్మ కాదని తెలిసింది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

రెండో బలం, ముందుగా ఆలోచించి పెట్టుకోవడం. దీన్ని 1960లలో విలియం మెక్‌గ్వైర్ అనే ఆయన టీకాతో పోల్చారు. "నీ నమ్మకం మంచిదే" అని మెచ్చుకోలు మాత్రమే విన్నవాళ్లకంటే, చిన్న ఆక్షేపణ విని దానికి జవాబు చూసుకున్నవాళ్లు తరవాత పెద్ద వాదనకి బాగా నిలబడ్డారట.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నా చదువు పదో తరగతితో ఆపేశారు. మా అమ్మాయి పది పాసైన ఏడాది, మా చోడవరంలోనే ఒక పేరంటంలో అందరూ ఒకటే మాట: "ఇంకా చదువెందుకమ్మా, సంబంధం చూడు." నాకు నోరు పెగల్లేదు. అంతలో పక్కింటి మామ్మగారు తాంబూలం అందుకుంటూ, "పిల్లని చదువుకోనివ్వండర్రా" అన్నారు. అంతే, నాకు గొంతు వచ్చింది. "అవునండీ, చదివిస్తాను" అన్నాను. తరవాత ఒకరిద్దరు నన్ను పేరంటానికి పిలవడం మానేశారు. నిజం చెప్పొద్దూ, బాధపడ్డాను. కాని పిల్ల పుస్తకాలు పట్టుకుని కాలేజీ బస్సు ఎక్కుతుంటే ఆ బాధ గుర్తుకి రాలేదు.

అలాగని ప్రతిదానికీ ఎడ్డెమంటే తెడ్డెమనమని కాదు సుమండీ. ఎదుటివాళ్లు అన్నదానికల్లా కాదనేవాళ్లు కూడా వాళ్ల మాట చుట్టూ తిరుగుతున్నట్టే. మనకి ఏది ముఖ్యమో మనకి తెలిసుండాలి.

అందుచేత ఎవరైనా చీటీలో చేరమన్నా, అప్పుచేసి నగ కొనమన్నా, వెంటనే ఔననకండి. "ఇంట్లో ఆలోచించి రేపు చెబుతానండీ" అనండి. గుంపులో ఉన్నప్పుడు రాని జవాబు, వంటింట్లో పప్పు ఉడికేలోగా తడుతుంది. ఎక్కడైనా ఒక ఆడపిల్ల ఒంటరిగా న్యాయమైన మాట అంటుంటే, "అవునమ్మా, నువ్వన్నది నిజమే" అని ఒక్క మాట సాయం చెయ్యండి. ఆ రోజు మామ్మగారు నాకు చేసింది అంతే. దానివల్ల ఒక పిల్ల చదువు నిలిచింది.

సెలవు.