బిడ్డ హక్కు మన చేతిలో అమానతు
(జైనూర్ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిరుడు ఒక తల్లి తన ఆరేళ్ల కొడుకును మా దగ్గరకు తీసుకొచ్చింది. జ్వరమని ఒకచోట డబ్బులిచ్చి వరుసగా సూదులు వేయించారట. జ్వరం తగ్గింది, వినికిడి పోయింది. ఏ మందు వేశారని అడిగాం. చీటీ లేదు, బిల్లు లేదు, ఖాళీ సీసా లేదు. అప్పటికే ఏడాదిన్నర గడిచింది. "అల్లాహ్ రాసిన రాత, సబర్ చేస్తున్నాం" అన్నదామె.

సబర్ చేయవలసిందే. కానీ ఆ బిడ్డ హక్కును వదిలేసే అధికారం మనకు లేదు. రేపు వాడికి వినికిడి మిషను కావాలి, చదువు కావాలి, బతుకుతెరువు కావాలి. ఆ ఖర్చు అడిగే హక్కు వాడిది. మన చేతిలో అది అమానతు.

మందు వికటించిన ప్రతిసారీ డాక్టరుదే తప్పని కాదు. జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదిమందులు ప్రాణం కాపాడతాయి. ఒక్కోసారి వినికిడినీ శాశ్వతంగా తీసేస్తాయి. మందు, మోతాదు సరైనవేనా? ప్రమాదం ముందే చెప్పారా? తేడా కనిపించగానే ఆపారా? అసలు ప్రశ్నలు ఇవే.

స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసు చూడండి. టైఫాయిడ్‌తో చేరిన పిల్లవాడికి డాక్టరు రాసిన మందు ఒకటైతే, నర్సు వేసింది మరొకటి. మెదడు శాశ్వతంగా దెబ్బతింది. 1998లో సుప్రీంకోర్టు బిడ్డకు 12.5 లక్షల రూపాయలు, తల్లిదండ్రుల మనోవేదనకు వేరుగా 5 లక్షలు ఖాయం చేసింది.

డబ్బు కట్టి చేయించిన వైద్యమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. గడువు 2 ఏళ్లు. మందే లోపమున్నదైతే తయారీదారు మీదా అడగవచ్చు. అందరికీ ఉచితంగా చూసే సర్కారు దవాఖానా అయితే ఈ కమిషన్ దారి లేదు, సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. మెడికల్ కౌన్సిల్ డాక్టరుపై చర్య తీసుకోగలదు గానీ పరిహారం ఇప్పించదు. పోలీసు కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం కనబడాలి.

వకీలుకు డబ్బు లేదని ఆగకండి. 1987 చట్టం ప్రకారం పిల్లలకు, స్త్రీలకు, గిరిజనులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ నంబరు 15100. మన గోండు, కోలాం ఇరుగుపొరుగు వారికీ ఈ మాట చెప్పండి.

వకీలు ఉచితమే గానీ, మరో పెద్ద డాక్టరు అభిప్రాయం, రికార్డు నకళ్లు, ఆదిలాబాద్ బస్సు చార్జీలు, ఆ రోజు పోయిన కూలి ఉచితం కావు. దాతలారా, మీ సాయం కావలసింది అక్కడే.

ఆ తల్లితో కలిసి మేము రికార్డు కోసం లిఖితపూర్వకంగా అడిగాం. నిబంధనల ప్రకారం డాక్టరు 72 గంటల్లో ఇవ్వాలి. వాళ్ల దగ్గర ఏ రాతా లేదన్నారు. మందు పేరు నేటికీ తేలలేదు. అందుకే ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే మీ పిల్లల చీటీలు, బిల్లులు, మందు అట్టలు ఒక కవరులో పెట్టండి. ఆ కవరు అవసరం ఏ ఇంటికీ రాకూడదని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.