ఊపిరి చేరు చోటు

మనము పీల్చిన గాలి పని ఊపిరితిత్తులతో తీరుననుకొనుట పరిపాటి. కాని అందలి ప్రాణవాయువు నెత్తురు వెంట కణములకు పోయి, వానిలోని మైటోకాండ్రియాలను చేరును. కంటికి కానరాని యీ సంచులకు పొరలు రెండు. లోపలిపొర చీర కుచ్చెళ్ళవలె మడతలు పడియుండును. శ్వాసక్రియ యథార్థముగా ముగియునది అచ్చటనే. ఆ పొరలో నాటుకొనియున్న మాంసకృత్తుల కూటములను గూర్చి నేడు ముచ్చటింతము.

అట్టి కూటములు నాలుగు. మనము తిన్న యన్నమునుండి వెలువడిన ఎలక్ట్రానులు వీనిలో చేతులు మారుచు వచ్చి, కడకు నాల్గవ కూటమునొద్ద ప్రాణవాయువును చేరును; ప్రోటానులును కూడగా నీరు పుట్టును. సైనైడు విషము పట్టుకొనునది ఈ నాల్గవదానినే. నెత్తుటిలో ప్రాణవాయువు నిండుగా నున్నను కణములు దానిని వాడుకొనలేక నశించును.

ఎలక్ట్రానులు సాగునపుడు లభించు శక్తితో ఒకటవ, మూడవ, నాల్గవ కూటములు ఏతము తోడినట్లు ప్రోటానులను పొరకు ఆవలికి తోడును. రెండవది ఎలక్ట్రానులను అందించునే కాని తోడదు. ఆవల నిండిన ప్రోటానులు ఆనకట్ట వెనుక నీటివలె మరల లోనికి దూకుచు మరియొక యంత్రమును త్రిప్పగా ఏ.టి.పి. తయారగును. బ్రిటనుకు చెందిన పీటర్ మిచెల్ 1961లో ఈ ఊహను ప్రకటించినపుడు పెక్కురు ఒప్పుకొనలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ఆ ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో ఫిస్కెతో కలిసి ఆయన ఆ పని చేసిరి.

అన్నింటిలోను వింతైనది మొదటి కూటము. పశువుల గుండెనుండి తీసినదానిలో 45 భాగములున్నవి. దాని రూపు బూటును బోలియుండును: ఒక బాహువు పొరలో పరుండగా, రెండవది లోపలికి పొడుచుకొనివచ్చును. ఇనుము, గంధకము గల మెట్లమీదుగా ఎలక్ట్రానులు నిలువు బాహువున దిగి, రెండు బాహువులు కలియుచోట ఆగిపోవును. ప్రోటానులను తోడు భాగములో పొరలోని బాహువు పొడవున వరుసగా నున్నవి. ఎలక్ట్రాను అడుగిడని ఆ దూరపు కొసకు కదలిక ఎట్లు చేరుచున్నది? నిర్మాణము స్పష్టముగా తెలిసినను శాస్త్రజ్ఞులు దీనిపై ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. ఒకటవ, మూడవ, నాల్గవ కూటములు విడివిడిగా తేలుటయే కాక ఒకదానినొకటి అంటిపెట్టుకొని పెద్ద కట్టడముగా నుండుటయు కలదు. 2016లో శీతల ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో దాని రూపు వివరముగా చిత్రితమైనది. ఈ పొందికవలన లాభమేమన్నదియు వాదములోనే యున్నది. మాకు ఈ వాదములు నిండైన జవాబులకంటె రుచించును.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. మొదటి కూటములోని భాగములలో ఏడింటికి జన్యువులు మైటోకాండ్రియాలలోనే కలవు. అవి తల్లినుండియే బిడ్డకు వచ్చును. ఆ ఏడును పొరలోని బాహువునకు చెందినవే. వానిలో ఒకదాని జన్యువున ఒక్క అక్షరము మారుటచే యౌవనమందే రెండు కన్నులకును చూపు తగ్గిపోవునని 1988లో తేలినది. జర్మను నేత్రవైద్యుడు లేబర్ 1871లో వర్ణించిన వ్యాధి యిదియే. తల్లికి చూపు చెడకయే యీ మార్పు బిడ్డలకు సంక్రమింపవచ్చును. కొమరులకును కొమార్తెలకును సమముగా సంక్రమించినను, చూపు కోల్పోవువారిలో మగవారే ఎక్కువ.